జిహాద్, క్రూసేడ్ల మీద చర్చ పెట్టాలంటే ముందు కుర్చీలు మార్చాలి

నల్గొండలో ఇరవై తొమ్మిదేళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఆదివారం పొద్దున రామగిరిలో మా మిద్దె మీదికి పది పన్నెండు మంది పిల్లలు వస్తారు. సగం డిగ్రీ వాళ్ళు, సగం గ్రూప్స్‌కు చదివేవాళ్ళు. సిలబస్‌లో డౌట్లంటూ మెట్లెక్కుతారు గానీ, చివరికి గొంతులు లేచేది ఒక్క విషయం దగ్గరే: మతం పేరు మీద ఎక్కువ కత్తి దూసింది ఎవరు, ముస్లింలా, క్రైస్తవులా? మీ ఊరి లైబ్రరీలోనో హాస్టల్లోనో ఈ చర్చ పెట్టాలనుకుంటే ఎలా నడపాలో, నేను చేసిన తప్పుతో మొదలుపెట్టి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీలో బోర్డు మీద 'ఇస్లాం, క్రైస్తవం: మతయుద్ధాలు' అని రాసి, క్లాసును ఎడమకు సగం, కుడికి సగం కూర్చోబెట్టాను. క్లాసులో ముస్లిం అమ్మాయి ఒక్కతే ఉండేది. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. పావుగంటలో ప్రశ్నలన్నీ ఆమె మీదికే మళ్ళాయి. గజనీ నుంచి మొదలుపెట్టి పద్నాలుగు వందల ఏళ్ళకు ఆ పిల్లను జవాబు చెప్పమన్నారు. నేను ఆపలేదు, 'డిబేట్ బాగా వేడెక్కింది' అనుకుని మురిసిపోయాను కూడా. గంట కొట్టాక వచ్చి, "మేడం, వచ్చే వారం రాకపోతే అటెండెన్స్ పోతుందా?" అని మెల్లగా అడిగింది. నాకు అప్పుడు గానీ బుర్ర వెలగలేదు.

అందుకే మొదటి పని కుర్చీలు మార్చడం. ఇస్లాం ఒక పక్క, క్రైస్తవం ఒక పక్క అని ఎప్పుడూ పెట్టొద్దు. అసలు చర్చ జరిగింది కూడా అలా కాదు. యుద్ధం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు పాపం అన్న తగాదా ఏ మతానికి ఆ మతం లోపలే శతాబ్దాలుగా నడిచింది. కాబట్టి ఒక రౌండులో రెండు పక్షాలూ క్రైస్తవులే, ఇంకో రౌండులో రెండు పక్షాలూ ముస్లింలే ఉండాలి. పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేయండి. ఎవరికి ఏ చీటీ వస్తే ఆ మనిషిగా మాట్లాడాలి, తన సొంత పేరుతో మాట్లాడకూడదు. 'నాకు ఫలానాది కావాలి మేడం' అని బతిమాలేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వినొద్దు.

రెండో పని, ఎవరు ఏం చెప్పినా మూడు ప్రశ్నలు వేయాలి. ఈ మాట ఎవరు అన్నారు? ఎప్పుడు రాసిపెట్టారు? వాళ్ళవాళ్ళలోనే ఎవరు కాదన్నారు? మూడోది అడగడం అందరూ మర్చిపోతారు. నేను దాన్ని చాక్‌పీసుతో పిట్టగోడ మీద రాసిపెట్టాను. వాన పడితే మళ్ళీ రాస్తాను.

రెండో ప్రశ్న ఎంత పని చేస్తుందో ఒక్క ఉదాహరణ చూడండి. 1209లో దక్షిణ ఫ్రాన్సులోని బెజియే పట్టణాన్ని క్రూసేడర్లు, అంటే పోపు పిలుపు మీద మతయుద్ధానికి దిగిన క్రైస్తవ సైనికులు, పట్టుకున్నప్పుడు, 'అందరినీ చంపండి, తనవాళ్ళెవరో దేవుడే గుర్తుపడతాడు' అని పోపు ప్రతినిధి అన్నాడని చెప్తారు. ఆ మాట రాసింది ఆ ఊళ్ళో ఉన్నవాడు కాదు. పదేళ్ళు దాటాక జర్మనీలోని ఒక సన్యాసి రాశాడు, అదీ 'అన్నాడట' అని. ఊచకోత జరగడం నిజం. ఆ డైలాగ్ నిజమని చెప్పడానికి మాత్రం ఆధారం పలచన.

ఇక మొదటి రౌండు. ప్రశ్న ఇది: యుద్ధంలో శత్రువును చంపడం పాపమా, ప్రాయశ్చిత్తమా? ఒక చీటీ మీద '1066 తర్వాతి నార్మన్ బిషప్పు' అని, రెండో దాని మీద '1095 పోపు అర్బన్' అని రాయండి. మధ్యలో ముప్పై ఏళ్ళు కూడా లేవు. 1066లో ఫ్రాన్సు నుంచి ఇంగ్లండు మీదికి పోయి హేస్టింగ్స్ దగ్గర గెలిచిన నార్మన్ సైనికులకు వాళ్ళ సొంత బిషప్పులే శిక్ష వేశారు: చంపిన ఒక్కో మనిషికి ఒక్కో ఏడాది ప్రాయశ్చిత్తం. గెలిచింది తమ రాజే, అయినా సరే. 1095 నవంబర్‌లో పోపు అర్బన్ ఫ్రాన్సులో పెట్టిన క్లెర్మాంట్ సభ తీర్మానం దీన్ని తలకిందులు చేసింది. పేరు కోసమో డబ్బు కోసమో కాకుండా భక్తితో యెరూషలేము చర్చిని విడిపించడానికి పోయేవాడికి, ఆ ప్రయాణమే మొత్తం ప్రాయశ్చిత్తానికి బదులు అంది. నిన్న మొన్నటి దాకా యుద్ధం చేసినందుకు ప్రాయశ్చిత్తం, ఇప్పుడు యుద్ధమే ప్రాయశ్చిత్తం. ఇది పిల్లలకు అర్థమైన రోజు మిద్దె మీద రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. నాకు అలాంటి నిశ్శబ్దాలంటే ఇష్టం.

బిషప్పు చీటీ వచ్చినవాడికి మత్తయి 5లోని కొండమీది ప్రసంగం, 26:52లో 'కత్తి పట్టినవాడు కత్తితోనే పోతాడు' అన్న మాట ఇవ్వండి. అర్బన్ పక్షం వాడు పాత నిబంధనలోని యెహోషువ యుద్ధాలు తీస్తాడు, లూకా 22:36లో బట్ట అమ్మి అయినా కత్తి కొనుక్కోమన్న మాట తీస్తాడు. తియ్యనివ్వండి. 430లో చనిపోయిన క్రైస్తవ ఆచార్యుడు అగస్టీన్‌ను మాత్రం రెండు పక్షాలూ పట్టి లాగుతాయి, ఎందుకంటే ఆయన యుద్ధాన్ని ఏడుస్తూ ఒప్పుకున్నవాడు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ పండితుడు దాన్ని మూడు షరతులుగా చేశాడు: అధికారం ఉన్న పాలకుడే ప్రకటించాలి, న్యాయమైన కారణం ఉండాలి, ఉద్దేశం మంచిది కావాలి. ఈ మూడూ కాగితం మీద రాసి చేతికివ్వండి, ఆ రోజంతా పనికొస్తాయి.

క్లెర్మాంట్‌లో అర్బన్ చేసిన ఉపన్యాసాన్ని మాత్రం మాటకు మాట చదవనివ్వొద్దు. దాని పేరుతో మనకు దొరికే పాఠాలు ఒకదానితో ఒకటి కలవవు, ప్రధానమైనవన్నీ 1099లో యెరూషలేము పట్టుకున్న తర్వాత రాసినవి. గెలిచాక రాసిన ఉపన్యాసంలో గెలుపు ముందే కనిపిస్తుంది. ఆయన ఉత్తరాలు కొన్ని మిగిలాయి, వాదించేవాడు వాటిని పట్టుకోవాలి.

ఈ రౌండు చివర నేను రెండు సంవత్సరాలు బల్ల మీద పెడతాను. 1096: యెరూషలేముకు బయల్దేరిన గుంపులు దారిలో రైన్ నది పక్క ఊళ్ళలో, వర్మ్స్‌లో, మైంజ్‌లో యూదుల మీద పడ్డాయి. స్పైయర్‌లో బిషప్పు అడ్డుపడి చాలామందిని కాపాడాడు. 1204: నాలుగో క్రూసేడ్ సైన్యం కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకుంది. ఆ నగరం క్రైస్తవులదే. 'అక్వినాస్ షరతుల్లో ఏది తప్పింది?' అని అడగండి. ఆ షరతులు రాసింది తర్వాత కదా మేడం అని ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుకున్నవాడికి మార్కు.

రెండో రౌండుకు ముందు మాటల సంగతి తేల్చాలి. జిహాద్‌ను 'పవిత్ర యుద్ధం' అని బోర్డు మీద రాయొద్దు. దాని ధాతువుకు అర్థం పాటుపడటం, శ్రమించడం. పోరాటానికి అరబ్బీలో ఖితాల్ అని, యుద్ధానికి హర్బ్ అని వేరే మాటలున్నాయి. అలాగని, 'జిహాద్ అంటే మనసుతో చేసే పోరాటమే, యుద్ధంతో సంబంధమే లేదు' అంటే అదీ అబద్ధమే. పాత ధర్మశాస్త్ర గ్రంథాల్లో జిహాద్ అధ్యాయం తెరిస్తే యుద్ధ నియమాలే ఉంటాయి: ఎవరితో చేయాలి, సంధి ఎప్పుడు, ఖైదీలను ఏం చేయాలి. ఆ శాస్త్రకారుల్లో చాలామంది రాజ్య విస్తరణను పాలకుడి విధి అన్నారు. అదే గ్రంథాల్లో ఆడవాళ్ళను, పిల్లలను చంపకూడదనీ రాశారు. ఒకటి చెప్పి ఒకటి దాచేవాడిని ఆపండి, ఏ పక్షమైనా సరే.

క్రూసేడ్ అన్న మాటకూ ఇదే గతి. మొదట్లో వెళ్ళినవాళ్ళు దాన్ని యాత్ర అనుకున్నారు. ఎదుటివాళ్ళు వాళ్ళను క్రైస్తవ సైన్యం అని కూడా అనలేదు, 'ఇఫ్రంజ్' అన్నారు, అంటే ఫ్రాంకులు. ఆ మాటే పారసీలో ఫరంగీ అయి, మన దగ్గరికొచ్చి ఫిరంగి అయి కోట బురుజు మీద కూర్చుంది. దేవరకొండ నుంచి వచ్చే కుర్రాడికి ఇది చెబితే, "మేడం, అయితే ఫిరంగి అంటే ఫ్రాన్సు వాడా?" అని నెల రోజులు నవ్వాడు.

రెండో రౌండు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. దీనికి బాగ్దాదు దాకా పోనక్కర్లేదు. వాదించుకునే ఇద్దరూ మన నిజాం రాజ్యం వాళ్ళే. ఒకరు మౌల్వీ చిరాగ్ అలీ. సాలార్ జంగ్ కాలంలో హైదరాబాదు కొలువులో చేరి పెద్ద పదవులకు ఎదిగాడు, 1895లో పోయాడు. జిహాద్ మీద ఇంగ్లీషులో ఆయన రాసిన పుస్తకం 1885లో కలకత్తాలో అచ్చయింది. ప్రవక్త చేసిన యుద్ధాలన్నీ ఆత్మరక్షణకేననీ, ఖురాన్‌లో జిహాద్ అన్న మాటకు యుద్ధమని అర్థం లేదనీ, ఆ అర్థం తర్వాతి శాస్త్రకారులు పెట్టిందనీ ఆయన వాదన. ఇస్లాం కత్తితో వ్యాపించిందని రాసిన యూరప్ వాళ్ళకు జవాబుగా రాశాడు.

రెండో ఆయన అబుల్ ఆలా మౌదూదీ. 1903లో ఔరంగాబాదులో పుట్టాడు, అదీ అప్పుడు నిజాం జిల్లానే. 1926 డిసెంబరులో ఢిల్లీలో ఆర్య సమాజ నాయకుడు స్వామి శ్రద్ధానందను ఒక ముస్లిం చంపాక, ఇస్లాం హింసా మతమని పెద్ద రచ్చ అయింది. అప్పటికి ఇరవై మూడేళ్ళున్న మౌదూదీ 'అల్ జమీయత్' అనే ఉర్దూ పత్రికలో వరుసగా రాశాడు, అదే 1930లో పుస్తకమైంది. ఆయనకూ కోపం ఆ ఆరోపణ మీదే. కానీ ఆయన దారి వేరు. మేము ఆత్మరక్షణకే పోరాడామండీ అని క్షమాపణ చెప్పుకున్నట్టు మాట్లాడటం ఆయనకు నచ్చదు. అన్యాయాన్ని, చెడ్డ పాలనను తొలగించడానికి చేసే యుద్ధం కూడా ఉందంటాడు. 1939లో లాహోరులో చేసిన ప్రసంగంలో ఇంకా ముందుకు పోయి, ఇస్లాం ఒక విప్లవ సిద్ధాంతం, దాని పోరాటాన్ని దాడి, రక్షణ అని విడదీయడమే తప్పన్నాడు.

ఒకే ఆరోపణ, ఒకే రాజ్యం, ఒకే ఖురాన్, రెండు జవాబులు. ఈ రెండు చీటీలకూ ఒకే వాక్యాలు ఇవ్వండి. రెండో సూరా (అధ్యాయం) 190వ ఆయత్ (వాక్యం): మీతో పోరాడేవాళ్ళతో పోరాడండి, హద్దు మీరకండి. తొమ్మిదో సూరా 5వ ఆయత్, దాన్నే కత్తి వాక్యం అంటారు. అయితే 5 ఒక్కదాన్నే ఇవ్వొద్దు, 4, 5, 6 కలిపి ఒకే కాగితం మీద ఇవ్వండి. 4లో ఒప్పందం నిలబెట్టుకున్న బహుదైవారాధకులను మినహాయించడం ఉంది, 6లో వాళ్ళలో ఎవరైనా శరణు కోరితే ఇచ్చి భద్రమైన చోటికి చేర్చమని ఉంది. మన ఫోన్లలో తిరిగే ఫార్వర్డుల్లో 5కు అటూ ఇటూ కత్తెర పడుతుంది. మధ్యయుగ వ్యాఖ్యాతల్లో కొందరు ఈ 5వ వాక్యం మెత్తని వాక్యాలెన్నిటినో రద్దు చేసిందన్నారు, మరికొందరు ఒప్పుకోలేదు. మౌదూదీ చీటీ, చిరాగ్ అలీ చీటీ ఏవి పట్టుకుంటాయో మీరే చూడండి.

ఒకసారి చిరాగ్ అలీ చీటీ ఒక పాస్టరు గారి అబ్బాయికి పడింది, మౌదూదీ చీటీ హాలియా నుంచి వచ్చే రైతు బిడ్డకు. ముస్లిం కుర్రాడు ఒకడు టైం చూసే పనిలో ఉన్నాడు. రైతు బిడ్డ ఎంత బాగా వాదించాడంటే, టైం చూసే కుర్రాడు గంట కొట్టడం మరిచిపోయి, "అన్నా, అది కాదు, మా తాత ఇట్ల చెప్పడు" అని మధ్యలో దిగాడు. ఆ రోజు నేను ఒక్క మాట మాట్లాడే పని పడలేదు.

అంకెల గురించి ఒక జాగ్రత్త. 1099 జులై 15న యెరూషలేము పడ్డప్పుడు ఎందరు చచ్చారన్నది ఎవరో ఒకరు తెస్తారు. వంద ఏళ్ళ తర్వాత రాసిన అరబ్బీ చరిత్రకారుడు ఇబ్నుల్ అసీర్ అక్కడి అక్సా మసీదులో డెబ్బై వేలకు పైగా అంటాడు. ఆ కాలంలోనే ఆ ప్రాంతానికి వచ్చి చదువుకున్న స్పెయిన్ పండితుడు ఇబ్నుల్ అరబీ మూడు వేలంటాడు. గుర్రాల కళ్ళేల దాకా రక్తం పారిందని గెలిచిన పక్షం పూజారి రాశాడు, ఆ పోలిక బైబిల్ ప్రకటన గ్రంథం 14:20 నుంచి తీసుకున్నదే. మూడు వేల ప్రాణాలైనా ఘోరమే. అంకె పెద్దదైతే పాయింట్లు పెరగవని ముందే చెప్పండి.

మూడో రౌండులో జట్లు లేవు. ఒక్క ఒప్పందం, నాలుగు కుర్చీలు. 1229లో జర్మన్ చక్రవర్తి రెండో ఫ్రెడరిక్, ఈజిప్టు సుల్తాను అల్ కామిల్ మాట్లాడుకుని, యుద్ధం లేకుండా యెరూషలేమును క్రైస్తవులకు ఇచ్చేట్టు ఒప్పుకున్నారు. అక్సా మసీదు, దాని పక్కనున్న రాతి గుమ్మటం (డోమ్ ఆఫ్ ద రాక్) ముస్లింల దగ్గరే ఉండేట్టు, పదేళ్ళ సంధి. అప్పటికే పోపు ఫ్రెడరిక్‌ను మతం నుంచి వెలివేశాడు. నగరం చేతికొచ్చాక కూడా యెరూషలేము పాట్రియార్క్, అంటే అక్కడి క్రైస్తవ మతపెద్ద, అక్కడ పూజలు ఆపించాడు. డమాస్కస్‌లో సుల్తానును తిడుతూ మసీదులో ప్రసంగాలు నడిచాయి, జనం ఏడ్చారు. రక్తం చుక్క పడకుండా పని జరిగితే రెండు వైపులా తిట్లే. ఫ్రెడరిక్, కామిల్, పాట్రియార్క్, డమాస్కస్ ప్రసంగీకుడు: నలుగురిని కూర్చోబెట్టి పది నిమిషాలు వదిలేయండి.

టైం మిగిలితే ఉసామా ఇబ్న్ మున్‌కిజ్ కథ చెప్పండి. పన్నెండో శతాబ్దపు సిరియా పెద్దమనిషి, తన జ్ఞాపకాలు తనే రాసుకున్నాడు. క్రూసేడర్ల చేతిలో ఉన్న యెరూషలేముకు పోయినప్పుడు, ఆయన స్నేహితులైన టెంప్లర్లు (సన్యాస దీక్ష తీసుకున్న క్రైస్తవ యోధులు) నమాజుకు చోటు ఖాళీ చేసి ఇచ్చేవారట. ఒకరోజు కొత్తగా దిగిన ఫ్రాంకు ఒకడు ఆయన్ని పట్టి తూర్పుకు తిప్పి, 'ఇట్లా ప్రార్థించు' అన్నాడు. టెంప్లర్లు వాడిని బయటికి లాగి, 'కొత్తవాడు, ఏమీ అనుకోవద్దు' అని క్షమాపణ చెప్పారు. మా పిల్లలు ఆ కొత్తవాడిని వెంటనే గుర్తుపట్టారు. ప్రతి ఊళ్ళో ఒకడుంటాడు.

ఇక్కడిదాకా వచ్చాక ఎవరో ఒకరు మన నేల సంగతి లేపుతారు. లేపాలి కూడా. నేను పానగల్లు యుద్ధం తీస్తాను. నల్గొండ పిల్లలు వెంటనే మన పచ్చల సోమేశ్వరాలయం ఉన్న పానగల్లు అనుకుంటారు. కాదు, వనపర్తి దగ్గరి పానగల్ కోట. ఫిరోజ్ షా బహమనీ దాన్ని ముట్టడించి, 1420 ప్రాంతంలో విజయనగరం చేతిలో దెబ్బతిన్నాడు. చూడటానికి సుల్తాను, రాయల యుద్ధమే. కానీ మన రాచకొండ, దేవరకొండ వెలమ రాజులు కొండవీటి రెడ్ల మీద పగతో ఎన్నో ఏళ్ళు బహమనీల పక్కనే నిలబడ్డవాళ్ళు. కృష్ణదేవరాయలు పెట్టుకున్న బిరుదుల్లో 'యవనరాజ్య స్థాపనాచార్య' ఒకటి, అంటే తురకల రాజ్యాన్ని నిలబెట్టినవాడని. ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు, తర్వాత తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు, 1565లో అదే విజయనగరం మీదికి మిగతా సుల్తానులతో కలిసి పోయాడు. ఇందులో మతం లేదని నేననను. మతం ఒక్కటే ఉందనేవాడికి మాత్రం ఈ మూడు సంగతులూ ముందు పెట్టండి.

మా ఊరి పీర్ల పండుగ కూడా ఇక్కడే గుర్తుచేస్తాను. మా బాపు ఊదు వేసి, మలీద పంచి, అలావ చుట్టూ తిరిగినవాడే. మా ఊళ్ళో ఏటేటా గుండెలు బాదుకుని తలచుకునే యుద్ధం 680 నాటి కర్బలా. అందులో రెండు పక్కలా ముస్లింలే.

రజాకార్ల మాట రాకుండా నల్గొండలో ఈ చర్చ ముగియదు. దాన్ని అణచొద్దు, జిహాద్ రౌండులో కలపనూ వద్దు. వేరే ఆదివారం పెట్టండి. ఆ రోజుకు ఇవి చదువుకు రమ్మనండి: విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో చచ్చిన బందగీ ఒక ముస్లిం రైతు, 1948 ఆగస్టులో రజాకార్లు చంపిన పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిం, పోలీస్ యాక్షన్ తర్వాత రాజ్యంలో ముస్లింలు వేలల్లో చనిపోయారని భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసింది. మా నాయనమ్మ ఆ రోజుల్లో ఇత్తడి బిందెలు బావిలో పడేసి దాచింది. అన్నీ అయ్యాక తీస్తే ఒకటి తక్కువొచ్చింది. ఎవరు కొట్టారు, ఎవరు పారిపోయారు అని మేమెంత అడిగినా చచ్చేదాకా ఆ ఒక్క బిందె గురించే చెప్పింది.

చివర ఓటింగ్ పెట్టొద్దు. తలా ఒక చీటీ ఇచ్చి, ఈ రోజు తన పక్షానికే ఇబ్బంది కలిగించిన ఒక నిజం రాయమనండి, పేరు అక్కర్లేదు. ఖాళీ చీటీ ఇచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు వచ్చే వారం ఎదుటి పక్షం చీటీ పడేట్టు డబ్బాలో కొంచెం చెయ్యి తిప్పుతాను. ఇది వాళ్ళకు చెప్పకండి.

మొత్తం రెండున్నర గంటలు పడుతుంది. మొదటి రౌండు నలభై నిమిషాలు మించనివ్వకండి, రెండోది గంట. చాయ్ ముందే ఇస్తే పిల్లలు గుంపులు కట్టేస్తారు, రెండో రౌండు అయ్యాకే ఇవ్వాలి. మా కింది హోటల్ ఆయన ఆదివారం పన్నెండుకల్లా స్టవ్ ఆపేస్తాడు, అందుకని పదకొండుంపావుకే ఒకరికి ఫ్లాస్కు ఇచ్చి కిందికి పంపుతాను. మౌదూదీ చీటీ వచ్చినవాడిని మాత్రం పంపను, వాడు పోతే వాదన ఆగిపోతుంది.